గుర్రాలు పోయాయి, తోటలూ పోయాయి

పోయిన వేసవిలో అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు మా మేడమీద తోట చూపించాను. తోటంటే మరీ పెద్దదేం కాదు లెండి. పదిహేను గ్రో బ్యాగులు, నాలుగు పాత బకెట్లు, ఒక సొరపాదు. నేను మహా గర్వంగా ఒక్కో మొక్కనీ చూపిస్తుంటే అమ్మ చూపు మాత్రం మూలనున్న బస్తాల మీద పడింది. "ఇవేంట్రా?" అంది. ఒకటి కొబ్బరిపొట్టు, ఒకటి వర్మీ కంపోస్టు, ఇంకోటి వేపపిండి, అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించానని చెప్పాను.

"పేడ కూడా పార్సిల్లో తెప్పించుకుంటున్నార్రా!" అని నవ్వేసి కిందకి దిగింది. దిగాక వంటింట్లో చెత్తబుట్ట వైపు చూసింది. అరటితొక్కలు, కొత్తిమీర కాడలు, ఉల్లిపొట్టు, వాడిపోయిన తోటకూర. "మరి దీన్నెక్కడికి పంపిస్తున్నారు?" అనడిగింది. మునిసిపాలిటీ ఆటో వస్తుందన్నాను. ఆటో ఎక్కడికెళ్తుందంటే నాకు తెలీదు.

ఆ రాత్రి ఎక్సెల్ తెరిచి లెక్కేశాను (ఇంకేం చేస్తాం, అలవాటు). ఆర్నెల్లలో తోటకి పెట్టిన ఖర్చుని పండిన టమాటాలతో భాగిస్తే కిలో నాలుగొందలు పైనే పడింది. డబ్బు సంగతి సరే, సరదాకి పెట్టిన ఖర్చనుకుందాం. కానీ నేను "పర్యావరణానికి మేలు" అని మురిసిపోతున్న తోట, ఎక్కడినుంచో లారీలో వచ్చిన ఎరువు తింటోంది. ఆ తోటకి ఎరువు కావలసినదేమో అదే ఇంటినుంచి ఇంకో లారీలో ఊరవతలకి పోతోంది. ఇదేం లెక్క?

నగరంలో తోటలు నిజంగా నిలబడ్డ రోజులంటూ ఎప్పుడైనా ఉన్నాయా అని వెతుక్కుంటూ పోతే పారిస్ దగ్గర ఆగాను. మనకి పారిస్ అంటే ఐఫిల్ టవరూ, సెంటు సీసాలూను. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊరికి ఇంకో పేరుండాల్సింది - కూరగాయల ఊరు అని. దాని కథ మేడమీద మొక్కలు పెంచే మనందరికీ పనికొస్తుందని ఈ టపా.

బురదలో మొదలు

ఫ్రెంచి భాషలో కూరగాయలు పండించి అమ్మే రైతుని 'మరేషే' అంటారు. 'మరే' అంటే చిత్తడి నేల. సేన్ నది పక్కన బురద నేలల్ని బాగుచేసి కూరగాయలు వెయ్యడంతో ఈ వృత్తి మొదలైంది కాబట్టి ఆ పేరు. ఇవాళ పారిస్ నడిబొడ్డున ఖరీదైన దుకాణాలతో వెలిగిపోయే మరే పేట పేరు కూడా అక్కణ్ణించి వచ్చిందే. ఊరు పెరిగినకొద్దీ తోటలు బయటకి జరుగుతూ పోయాయి. మన దగ్గర ఊరి చివర పొలాలు వెంచర్లు అయినట్టే.

పద్నాలుగో లూయీ రాజుగారి కాలంలో ఈ విద్యకి రాజాదరణ కూడా దొరికింది. 1678 నుంచి 1683 దాకా కట్టిన వెర్సాయ్ రాజోద్యానపు కూరగాయల తోటలో లా కాంతినీ అనే ఆయన చలికాలంలో ఆస్పరాగస్, మార్చిలో స్ట్రాబెర్రీలు పండించి రాజుగారి భోజనానికి పంపేవాడు. మంత్రమేం లేదు. గుర్రపుశాలల్లోంచి వచ్చే పచ్చి పేడ మాగుతున్నప్పుడు పుట్టే వేడి, పైన గాజు. అంతే. పారిస్ రైతులు ఈ పద్ధతుల్ని వందేళ్ళకి పైగా సానబెట్టి, రాజుగారి విలాసాన్ని ఊరి వ్యాపారంగా మార్చేశారు.

పేడే హీటరు, పేడే నేల

ఎలా చేసేవాళ్ళో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే ఉంది.

చలికాలం మొదట్లో గుర్రపు పేడ, గడ్డి కలిపి అడుగున్నరో రెండడుగులో మందంగా పరిచి, తొక్కి, నీళ్ళు చల్లుతారు. కొన్ని రోజుల్లో అది లోపల్నుంచి కాగడం మొదలెడుతుంది. ఊళ్ళో పెంటకుప్పలో చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి ఆ వేడి ఎలా ఉంటుందో తెలుసు. దానిమీద జానెడు మందాన, బాగా మాగిన పాత ఎరువుమట్టి పరుస్తారు. ఆపైన గాజుపలకల మూతలున్న చెక్క చట్రాలు పెడతారు. రాత్రి మంచు పడకుండా గడ్డిచాపలు కప్పుతారు. బయట నీళ్ళు గడ్డకట్టుకుపోతుంటే లోపల పాలకూరలాంటి లెట్యూస్, ముల్లంగి, కారెట్ పెరుగుతుంటాయి.

చట్రాలు కాకుండా గంట ఆకారంలో ఉండే గాజు మూతలు ఇంకో రకం. ఒక్కో గంట కింద మూడు నాలుగు లెట్యూస్ మొక్కలు. ఎండ ఎక్కిన రోజున గంటని ఒకవైపు ఎత్తి, గాట్లు పెట్టిన పుల్ల ఆనించి గాలి పంపాలి. సాయంత్రం మళ్ళీ దించాలి. ఒకటీ రెండూ కాదు, ఒక్కో తోటలో వందల వేల గంటలు. ఆటోమేషన్ లేదు, అంతా చేత్తోనే :)

ఒకే మడిలో ముల్లంగి, కారెట్ విత్తనాలు కలిపి చల్లి, మధ్యలో లెట్యూస్ నారు నాటేవాళ్ళు. ముల్లంగి ముందు చేతికొస్తుంది, ఆ తరవాత లెట్యూస్, ఆఖరున కారెట్. అది తీసేలోపే కాలీఫ్లవర్ నారు పడిపోతుంది. వేసవికి పుచ్చకాయ జాతి తీపి మెలన్లు. నేల ఒక్క వారం కూడా ఖాళీగా ఉండదు. ఇలా ఏడాదికి మూడునుంచి ఆరు పంటలు తీసేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి అడుగునున్న పేడ చివికి నల్లటి మట్టయిపోతుంది. అదే వచ్చే ఏడాది పైపొర. అంటే నిన్నటి హీటరు ఇవాళ్టి నేల. మనవాళ్ళు గార్బేజ్ కలెక్షన్ అని ఏదేదో రాసుకుంటారు గానీ, అసలైన గార్బేజ్ కలెక్షన్ అంటే ఇదీ.

1845లో మోరో, దావెర్న్ అనే ఇద్దరు పారిస్ తోటరైతులు ఈ విద్యంతా ఒక పుస్తకంగా రాశారు. నెలనెలా ఏం వెయ్యాలి, మడి ఎంత మందం ఉండాలి, గడ్డిచాప ఎలా అల్లాలి - అన్నీ. పండితులు కాదు, చేతికి మట్టంటినవాళ్ళు రాసిన మాన్యువల్ అది.

లెక్కలు

1977లో స్టాన్‌హిల్ అనే శాస్త్రవేత్త పాత రికార్డులన్నీ తీసి, పందొమ్మిదో శతాబ్దపు పారిస్ తోటల్ని ఒక వ్యవస్థగా లెక్కకట్టాడు. ఏది లోపలికి వస్తోంది, ఏది బయటకి పోతోంది అని. ఆయన తేల్చినవి ఇవీ: నగర విస్తీర్ణంలో ఆరోవంతు ఈ తోటలే. ఏడాదికి లక్ష టన్నులకి పైగా కూరలు, అదీ ఎక్కువగా సీజను కాని సీజన్లో. వీటిని నిలబెట్టింది ఏటా సుమారు పది లక్షల టన్నుల గుర్రపుశాల ఎరువు.

1860లో పొలిమేరలు కలుపుకున్నాక పారిస్ విస్తీర్ణం సుమారు 78 చదరపు కిలోమీటర్లు. అందులో ఆరోవంతంటే దాదాపు 3,200 ఎకరాలు. పది లక్షల టన్నుల్ని దీనితో భాగిస్తే ఎకరానికి ఏటా 300 టన్నుల పైన పడుతుంది! మన దగ్గర ఎకరానికి నాలుగైదు టన్నుల పశువుల ఎరువు తోలితే "బాగా తోలాడు" అంటాం. అందుకే ఆ తోటల్లో ఏటికేడాది మట్టి పెరిగేది. ఆ మిగులు మట్టితో తోటల విస్తీర్ణాన్ని ఏటా ఆరు శాతం పెంచుకోవచ్చని కూడా స్టాన్‌హిల్ లెక్క.

క్రొపొత్కిన్ తన 'ఫీల్డ్స్, ఫ్యాక్టరీస్ అండ్ వర్క్‌షాప్స్' పుస్తకంలో పోన్స్ అనే తోటరైతు గురించి రాశాడు. ఆయనకున్నది 2.7 ఎకరాలు. పనిచేసేది ఎనిమిది మంది. దిగుబడి ఏడాదికి రెండున్నర లక్షల పౌన్లు, అంటే 113 టన్నులు. పైగా ఏటా 250 ఘనపు గజాల మిగులు మట్టిని అమ్మేసేవాడు. లేకపోతే నేల ఎత్తు పెరిగిపోతుంది మరి. ఇంకో ముచ్చట కూడా ఉంది. కౌలు మానుకుని వెళ్ళేటప్పుడు తోటరైతు తను తయారుచేసుకున్న మట్టిని కూడా బళ్ళమీద తీసుకెళ్ళేవాడట. ఫర్నిచర్‌తో పాటు పొలం కూడా షిఫ్టు చేసుకోవడం!

ఇక్కడ ఒక్క మాట. ఇదేదో స్వర్గమని నేననడం లేదు. ఆ ఎనిమిది మందీ రోజుకి పన్నెండునుంచి పదిహేను గంటలు పనిచేసేవాళ్ళు. రాత్రి బండిలో కూరలు నింపుకుని లే ఆల్ బజారుకి వెళ్ళాలి, వచ్చేటప్పుడు అదే బండిలో పేడ నింపుకుని రావాలి. నీళ్ళు బావుల్లోంచి తోడి పొయ్యాలి. ఇంత చేసినా ఈ తోటలు ఊరికి కూరలు పెట్టాయే గానీ రొట్టె పెట్టలేదు. గోధుమలు బయటి పొలాలనుంచే వచ్చేవి. ఆ మాటకొస్తే గుర్రాలు తినే గడ్డీ, ఓట్సూ కూడా పల్లెలనుంచి వచ్చేవే. అంటే పల్లె సారం గుర్రం పొట్టలోంచి పారిస్ తోటలోకి వచ్చి చేరేది. కాకపోతే, ఒకసారి ఊళ్ళోకొచ్చిన ఆ సారాన్ని వాళ్ళు పారెయ్యలేదు. అదీ తేడా.

ఎవరూ నిషేధించలేదు

మరి ఇంత గొప్ప వ్యవస్థ ఏమైంది? ఎవరైనా చట్టం చేసి ఆపేశారా? లేదు. రైతులకి ఆసక్తి పోయిందా? అదీ కాదు.

మొదట రైళ్ళొచ్చాయి. దక్షిణాదినుంచి, ఎండ ఉచితంగా దొరికే చోటునుంచి కూరగాయలు ఒకట్రెండు రోజుల్లో పారిస్‌కి చేరడం మొదలైంది. పేడతో తెప్పించుకునే వేడికి ఆ ఎండ పోటీ అయింది. ఊరు పెరిగి స్థలాల ధరలు పెరిగాయి. ఇవి రెండూ దెబ్బలే గానీ, తట్టుకున్నారు. ఊరవతలకి జరిగారు, కొత్త రకాలు వేశారు.

తట్టుకోలేనిది మోటారు. 1906లో పారిస్‌లో మోటారు బస్సులు మొదలయ్యాయి. 1913 జనవరిలో ఆఖరి గుర్రపు బస్సు వెళ్ళిపోయింది. మరుసటేడు యుద్ధం వచ్చి గుర్రాల్నీ, మనుషుల్నీ కూడా పట్టుకుపోయింది. యుద్ధం తరవాత వీధుల్లో గుర్రాల స్థానంలో కార్లూ లారీలూ నిండాయి. పారిస్ జనం సంతోషించారు, అందులో తప్పేం లేదు. పేడ కంపు, ఈగలు, వీధుల్లో చచ్చిపడే గుర్రాలు - ఇవన్నీ ఎవరిక్కావాలి? కానీ రవాణా మారుస్తున్నప్పుడు, ఆ పాత రవాణా మీద లక్ష టన్నుల కూరగాయలు ఆధారపడి ఉన్నాయన్న సంగతి ఏ ప్లానులోనూ లేదు. తోటల శాఖని ఎవరూ ముట్టుకోలేదు. ఎక్కడో వేరే మాడ్యూల్ మార్చారు, ఇక్కడ సిస్టం పడిపోయింది. ప్రొడక్షన్ సపోర్ట్‌లో పనిచేసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతిని కాపీ కొట్టాలనుకున్నవాళ్ళకీ ఇదే ఎదురైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఏళ్ళల్లో ఇంగ్లండులో 'ఫ్రెంచి తోట' పిచ్చి ఒకటి పుట్టింది. గాజు గంటలు కొన్నారు, చట్రాలు కొన్నారు, ఫ్రెంచివాళ్ళని జీతాలకి పిలిపించుకున్నారు. గాజు, పేడ, కూలి కలిపి పెట్టుబడి తడిసిమోపెడైంది. కొద్ది ఏళ్ళకే ఆ మోజు చల్లారింది. గాజు కొనుక్కోవచ్చు. ఊరినిండా ఉన్న గుర్రాల్ని కొనుక్కోలేరు కదా.

విద్య మాత్రం పూర్తిగా చావలేదు. 1967లో అలన్ చాడ్విక్ అనే ఆంగ్లేయుడు కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ విశ్వవిద్యాలయంలో తోట మొదలుపెట్టి, ఈ ఫ్రెంచి పద్ధతిని విద్యార్థులకి నేర్పాడు. ఆ దారిలోనే జాన్ జెవన్స్ 1974లో 'హౌ టు గ్రో మోర్ వెజిటబుల్స్' రాశాడు. ఎత్తు మడులు, దగ్గర దగ్గరగా మొక్కలు, మట్టికి ముందు తిండి పెట్టడం - ఇవాళ యూట్యూబ్‌లో మేడతోటల వీడియోల్లో మనం వినే మాటల్లో చాలావాటికి మూలాలు ఇటువైపే ఉన్నాయి. అయితే ఆ ప్రయాణంలో పద్ధతి వచ్చింది గానీ గుర్రం రాలేదు. గుర్రం ఉండాల్సిన చోటికి ఆన్‌లైన్ బస్తా వచ్చి కూర్చుంది.

రెండో పాఠం, చేదుది

ఊరి వ్యర్థం తోటకి వెళ్తే చాలు, అంతా మంచే జరుగుతుందా? దానికీ పారిస్ దగ్గరే జవాబుంది.

1862లో వచ్చిన 'లే మిజరబ్ల్' నవలలో విక్తర్ హ్యూగో కథ మధ్యలో ఆపి మరీ, పారిస్ తన మలాన్ని నదిపాలు చేసి బంగారంలాంటి ఎరువుని పోగొట్టుకుంటోందని కొన్ని పేజీలు వాపోయాడు. ఆ దశాబ్దం చివర్లోనే జెన్‌విలియే దగ్గర పొలాలకి మురుగునీరు పారించడం మొదలుపెట్టారు. కూరగాయలు విరగకాశాయి. తరవాత అషేర్, పియెర్లే మైదానాలకీ ఇదే విస్తరించింది. దాదాపు వందేళ్ళు నడిచింది.

ఈలోగా మురుగు మారిపోయింది. అందులో ఫ్యాక్టరీల నీళ్ళు, సీసం, కాడ్మియం లాంటి లోహాలు కలిశాయి. నీళ్ళు ముందుకి పారిపోతాయి, లోహాలు మట్టిలో ఉండిపోతాయి. చివరికి 1999, 2000 ప్రాంతాల్లో ఆ మైదానాల్లో కూరగాయలు పండించి అమ్మకూడదని ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. వందేళ్ళ ఎరువు, చివరికి విషం.

హైదరాబాద్ వాళ్ళకి మూసీ గుర్తొచ్చే ఉంటుంది. ఊరు దాటాక మూసీ నీళ్ళతోనే పశుగ్రాసం, ఆకుకూరలు పండించే రైతులున్నారు. వాళ్ళని తప్పుపట్టేముందు, ఆ నీళ్ళలో ఏం కలిపి పంపిస్తున్నామన్నది మనం అడుక్కోవాలి. గుర్రపుపేడ పనికొచ్చింది, అందులో గడ్డి తప్ప ఇంకోటి లేదు కాబట్టి. మురుగు పాడుచేసింది, అందులో అన్నీ కలిపేశారు కాబట్టి. వ్యర్థం ఎరువు కావాలంటే మొదటి షరతు, అది ఒంటరిగా ఉండటం.

ఇంతకీ మన గుర్రం ఏది?

ఊరికి తన ప్రమేయం లేకుండా రోజూ పుట్టుకొచ్చే శుభ్రమైన వ్యర్థం ఏదైనా ఉంటే, తోట దానిమీద బతుకుతుంది. పారిస్‌కి అది గుర్రం. మనకది వంటిల్లు. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడిచెత్తే. మదనపల్లె టమాటా, కర్నూలు ఉల్లిపాయ, వాటితో పాటు వచ్చిన ఆ నేలల సారం మన వంటింటి దాకా వచ్చి, అక్కణ్ణించి ప్లాస్టిక్ కవర్లో డంపింగ్ యార్డుకి పోతోంది. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి చెత్తలు వేరు చెయ్యాలని, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు తడిచెత్తని తమ దగ్గరే చూసుకోవాలని చెప్పాయి. మా అపార్టుమెంట్లో ఆ కాగితం నోటీసుబోర్డుకి అంటించి ఉండేది. చదివినవాళ్ళెవరూ లేరు, నాతో సహా.

అమ్మ వెళ్ళాక నెలరోజులు మా ఇంటి తడిచెత్త తూకం వేశాను. రోజుకి సగటున 900 గ్రాములు. మా అపార్టుమెంట్లో అరవై ఫ్లాట్లు. అందరిదీ ఇంతే అనుకుంటే ఏడాదికి దాదాపు ఇరవై టన్నులు. ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి నాలుగో వంతు మిగిలినా ఐదు టన్నుల ఎరువు. మేడమీద తోటకి కాదు, కింద లానుకీ, చుట్టూ ఉన్న చెట్లకీ పెట్టినా ఇంకా మిగులుతుంది.

అసోసియేషన్ మీటింగులో ఈ లెక్క చెప్పాను. వాసనొస్తుందన్నారొకరు, ఎలకలొస్తాయన్నారింకొకరు. "మెయింటెనెన్స్ కడుతున్నాం కదండీ, మనకెందుకివన్నీ" అన్నారొక పెద్దాయన. అవి ఉత్త సాకులని నేననను, సరిగా చెయ్యకపోతే నిజంగానే వస్తాయి. మొదటి డ్రమ్ములో నేను ఎండుటాకులు తక్కువ వేసి అంతా బురద చేశాను. మా ఫ్లోర్ వాళ్ళు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు :) ఇప్పుడు ఏడు ఫ్లాట్ల వాళ్ళం మూడు డ్రమ్ములు నడుపుతున్నాం. తడిచెత్త ఒక పొర, ఎండుటాకులు ఒక పొర, కొంచెం పుల్లమజ్జిగ, వారానికోసారి కలపడం. ఇంతకంటే విద్యేం లేదు. అరవైలో ఏడు అంటే తక్కువే. కానీ ఎరువు బస్తా కొని ఎనిమిది నెలలైంది.

దీనివల్ల ఊరంతా తిండికి స్వయంపోషకం అయిపోతుందని నేను చెప్పను. పారిసే కాలేదు. మేడమీద టమాటా మన వంటింటి అవసరంలో చిన్న ముక్క. కానీ తోట ఎన్నాళ్ళు నిలబడుతుందో తోటమాలి ప్రేమని బట్టి తేలదు. ఊరు దేన్ని పారేస్తోంది, దేన్ని దాచుకుంటోంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. మోరో, దావెర్న్ లాంటివాళ్ళకంటే మనకి మొక్కల మీద ఎక్కువ ప్రేమ ఉందంటే నేన్నమ్మను. వాళ్ళ తోటలే గుర్రాలతో పాటు పోయాయి. మనవి ఒక బస్తా డెలివరీ ఆగిపోతే పోతాయి.

మొన్న ఫోన్లో అమ్మకి డ్రమ్ముల సంగతి చెప్పాను. ఫొటో పంపితే చూసి, "అదేరా, పెంటకుప్ప. మూతేసి పేరు మార్చారు" అంది.

నిజమే. పేరేదైతేనేం, ఇంట్లో ఒకటుండాలి.